‘నరం పట్టేసింది’ అంటే, పట్టేసింది ఏది?

మా అక్క కొడుకు ఎంసెట్ రాసిన పదో రోజున ఫోన్ చేశాడు. “మావయ్యా, బొటనవేలి దగ్గర నరం పట్టేసింది. మంచినీళ్ల గ్లాసు ఎత్తినా జివ్వుమంటోంది” అన్నాడు. అప్పటికే మా అక్క నువ్వుల నూనె వెచ్చజేసి రెండు పూటలా గట్టిగా తోమింది. మందుల షాపతను ‘నరాల బలానికి’ అంటూ బి12 మాత్రలు ఇచ్చాడు. పక్కింటాయన క్రేప్ బ్యాండేజీ చుట్టుకోమన్నాడు. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. నొప్పి మాత్రం ఇంకాస్త పెరిగింది.

ఫోన్‌లో గేము రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నావని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా “ఏడెనిమిది” అన్నాడు. అదీ క్లా పట్టు: రెండు బొటనవేళ్లు తెర మీద, రెండు చూపుడువేళ్లు గోళ్లలా వంగి తెర పైఅంచున. పరీక్షల ముందు మూడు నెలలు వాళ్లమ్మ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. అంటే సున్నా నుంచి ఎనిమిది గంటలకు ఒక్క వారంలో ఎగబాకాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా కీబోర్డు మీద బతుకుతున్నవాణ్ణి, మధ్యలో ఒకసారి మోచెయ్యి బాగా పాడుచేసుకున్నవాణ్ణి. నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది ఏమిటంటే, మన చిక్కు సగం ఆ ‘నరం’ అనే మాటలోనే ఉంది.

నర్సు సెలైన్ పెట్టబోతూ “నరం దొరకట్లేదమ్మా” అందంటే అది సిర, రక్తం నడిచే గొట్టం. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడు నరం అంటే మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగ. పరిగెత్తుతుంటే మడమ వెనక “నరం లాగేసింది” అంటే అది కండను ఎముకకు కట్టిన తాడు. డాక్టర్లు టెండన్ అంటారు, బడి పుస్తకాల్లో స్నాయుబంధనం అని చదువుకున్నాం. పొద్దున లేవగానే మెడ తిరక్క “నరం మీద నరం ఎక్కింది” అన్నామా, అది చాలాసార్లు పై మూడింటిలో ఏదీ కాదు, బిగుసుకుపోయిన కండ.

నాలుగు వేరువేరు వస్తువులు, ఒకటే పేరు. గంటల తరబడి ఆడేవాళ్లకూ, కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లకూ ఈ నాలుగూ దెబ్బతినొచ్చు. ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకోదానికి చేటు చేస్తుంది. ఏది పట్టేసిందో తేల్చుకోకుండా నూనె రాస్తే తగ్గితే తగ్గింది, లేకపోతే లేదు.

గిలక మీద తాడు

ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని వేళ్లు ఆడించి చూడండి. మోచేతికి కాస్త కింద కండ కదలడం తెలుస్తుంది. వేళ్లను లాగే పెద్ద కండలు వేళ్లలో లేవు, అక్కడున్నాయి. అక్కడి నుంచి పొడుగాటి తాళ్లు మణికట్టు దాటి వేళ్ల కొసల దాకా పోతాయి. బావి గిలక మీద చేదతాడు జారినట్టు ఇవి తమ తమ ఒరల్లో జారుతుంటాయి. మౌస్ ఒక్కసారి నొక్కితే ఒక జారుడు. స్టార్‌క్రాఫ్ట్ లాంటి కంప్యూటర్ ఆటల్లో ఆరితేరినవాళ్లు నిమిషానికి 300కు పైగా నొక్కుళ్లు నొక్కుతారు.

మావాడి చేత వీడియో కాల్‌లో చిన్న పరీక్ష చేయించాను. బొటనవేలిని అరచేతిలోకి మడవాలి, మిగతా వేళ్లతో దాన్ని మూసి పిడికిలి చేయాలి, ఆ పిడికిలిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచాలి. ఎవరికైనా కొంచెం లాగుతుంది కాబట్టి రెండు చేతులూ పోల్చి చూడాలి. ఎడమ చేత్తో నవ్వుతూ చేశాడు. కుడి చేత్తో సగం వంచగానే “అబ్బా” అని ఆపేశాడు.

బొటనవేలి తాళ్లు మణికట్టు దగ్గర ఒరలో సాఫీగా జారక వచ్చే ఈ నొప్పిని డి కెర్వాన్ జబ్బు అంటారు. ఫ్రిట్జ్ డి కెర్వాన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1895లో వర్ణించాడు. అప్పటికి సెల్‌ఫోనూ లేదు, వీడియో గేమూ లేదు. ఇవాళ్టికీ ఈ నొప్పి బాలింతల్లో బాగా కనిపిస్తుంది. బిడ్డను చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్లు చాచి, రోజుకు ఎన్నోసార్లు ఎత్తుతారు కదా, అందుకు. ఆటగాళ్ల సంగతికొస్తే 1981లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు ‘స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు’ అంటూ ఉత్తరం వచ్చింది. 1990లో అదే పత్రికలో, 5 గంటలు ఆపకుండా నింటెండో ఆడి బొటనవేలు పాడుచేసుకున్న 35 ఏళ్ల మహిళ గురించి రాశారు. 2007లో వీ (Wii) అనే ఆటపెట్టె పేరుతో ఇంకో నొప్పి వచ్చి చేరింది. యంత్రం మారినప్పుడల్లా కొత్త పేరు పెట్టారు, లోపల తాడు అదే. నిజామాబాద్, జగిత్యాల వైపు దశాబ్దాలుగా బీడీలు చుడుతున్న ఆడవాళ్ల వేళ్లకు మాత్రం ఎవరూ ముచ్చటైన పేరు పెట్టలేదు. అది వేరే వ్యాసం.

టెండన్ నొప్పిని చీటీ మీద ‘టెండనైటిస్’ అని రాస్తారు. చివరి ‘ఐటిస్’కు వాపు, మంట అని అర్థం. అందుకే వాపు తగ్గించే మాత్రలు, ఐసు, పూర్తి విశ్రాంతి అనే మూడూ వరసగా వచ్చేస్తాయి. అయితే నెలల తరబడి నొప్పెట్టిన టెండన్ ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసినవాళ్లకు వాపు కణాలు పెద్దగా కనబడలేదు. కనబడింది పురి విడిపోయిన తాడు: పీచులన్నీ ఒకే దిక్కుగా ఉండాల్సింది పోయి చిందరవందరగా. ఈ ‘టెండనైటిస్’ అనే అపోహను ఇక వదిలేద్దామని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు వైద్యులు రాశారు కూడా. వాపు పాత్ర బొత్తిగా లేదని కాదు. ముదిరిన నొప్పిలో అసలు సమస్య అది కాదని.

ఇది మాటల తగువు కాదు, దీన్నిబట్టి వైద్యమే మారిపోతుంది. చేదతాడు అరిగితే అరిగినట్టే. ఒంట్లో తాడు తనను తాను పేనుకుంటుంది, కాకపోతే రక్తం తక్కువ అందే చోటు కాబట్టి నింపాదిగా పేనుకుంటుంది. బాగా పనిచేయించిన తర్వాత మొదటి రోజు, రోజున్నర దాకా పీచు తయారయ్యేదానికంటే కరిగేదే ఎక్కువ. దాదాపు 36 గంటలు దాటాక లెక్క తిరగబడి, పాతదానికంటే గట్టిగా కడుతుంది. రోజూ ఎనిమిది గంటలు ఆడేవాడు ఆ గడువు రాకముందే మళ్లీ లాగుతున్నాడు. చేబదులు తీర్చకముందే ఇంకో చేబదులు.

అలాగని నెలల తరబడి చెయ్యి కదపకుండా కూర్చుంటే? నేను చేసిన పొరపాటు అదే. మౌస్ పుణ్యమా అని మోచేతి బయటివైపు నొప్పి పట్టుకుంటే రెండు నెలలు ఎడమ చేత్తో నెట్టుకొచ్చాను. నొప్పి పోయింది. కుడి చేత్తో మొదలుపెట్టిన మూడో రోజుకు మళ్లీ హాజరు. పని లేని టెండన్ బలపడదు, ఇంకా డీలాపడుతుంది. నొప్పి పోవడమూ తాడు బాగుపడటమూ ఒకటి కావు.

చివరికి నా చెయ్యి బాగుచేసింది అర లీటరు నీళ్ల సీసా. ఫిజియోథెరపిస్టు నేర్పింది ఇలా: ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టు నుంచి చెయ్యి బల్ల అంచు బయటికి వేలాడేలా పెట్టాలి. అరచెయ్యి నేల వైపు. సీసా పట్టుకుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ పైకి, నాలుగు లెక్కపెడుతూ కిందికి. పదిహేను సార్లు, అలాంటివి మూడు విడతలు, రోజు విడిచి రోజు. నొప్పి బాగా ఉన్న మొదటి వారంలో ఆడించడం కూడా లేదు, సీసా ఎత్తి ముప్ఫై నలభై సెకన్లు అలాగే పట్టుకోవడమే, నాలుగైదు సార్లు. చేసేటప్పుడు పదికి మూడు పాళ్ల నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి అది మామూలు స్థాయికి వచ్చేయాలి. రాకపోతే బరువు తగ్గించుకోవాలి. నాకు తేడా తెలియడానికి ఆరు వారాలు, నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టింది. వారంలో తగ్గిస్తామనే ప్రకటనలు చూసినప్పుడు ఈ లెక్క గుర్తొస్తుంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది చోటును బట్టి మారుతుంది. బొటనవేలి డి కెర్వాన్ నొప్పికి అది బాగానే పనిచేస్తుంది. మోచేతి బయటివైపు నొప్పికి మొదటి కొన్ని వారాలు అద్భుతంగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2006లోనూ 2013లోనూ వెలువడిన పరీక్షల్లో మాత్రం, ఏడాది తిరిగేసరికి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల పరిస్థితి తీసుకోనివాళ్లకంటే అధ్వానంగా తేలింది. కాబట్టి ‘ఇంజెక్షన్ మంచిదా’ అని కాదు, ‘ఈ చోటికి మంచిదా’ అని అడగాలి. మావాడికి ఎముకల డాక్టరు బొటనవేలు కదలకుండా పట్టే పట్టీ మూడు వారాలు వేయించారు. తర్వాత వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు పెట్టి బొటనవేలిని మెల్లగా చాచే వ్యాయామం. తోమడం మానేయమన్నారు. మా అక్క దీన్ని ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

ఉంగరపు వేలు చెప్పే సాక్ష్యం

అసలైన నరం దెబ్బతింటే లక్షణం వేరు. నొప్పికంటే ముందు తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం, సూదులు గుచ్చినట్టు ఉండటం కనిపిస్తాయి. ఏ వేలికి అన్నదే అసలు ఆధారం.

మణికట్టు లోపలివైపు ఎముకలు కింద, గట్టి పట్టీ పైన, మధ్య ఇరుకు సందు. ఆ సందులోంచి తొమ్మిది టెండన్లు, ఒక నరం పోతాయి. ఆర్డినరీ బస్సులో తొమ్మిది మంది పహిల్వాన్ల మధ్య ఇరుక్కున్న బక్క మనిషి లాంటిది ఆ నరం. చోటు తగ్గితే మొదట నలిగేది అదే. అది స్పర్శ మోసేది బొటన, చూపుడు, మధ్య వేళ్లకూ ఉంగరపు వేలిలో సగానికీ. ఉంగరపు వేలి మిగతా సగం, చిటికెనవేలు ఇంకో నరం సొత్తు. ఆ రెండోది మోచేతి వెనక, తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించే చోట, చర్మం కిందే పోతుంది.

కాబట్టి తిమ్మిరి పట్టినప్పుడు ఉంగరపు వేలిని రెండు పక్కలా తడిమి చూసుకోండి. బొటనవేలి వైపు సగం మొద్దుబారితే అనుమానం మణికట్టు మీదికి పోతుంది. చిటికెనవేలి వైపు సగమైతే మోచేతి మీదికి. అయిదు వేళ్లూ, పైగా మెడ తిప్పితే ఎక్కువవుతుంటే, మెడ దగ్గరే ఏదో నొక్కుతుండొచ్చు.

మణికట్టు సందు జబ్బుకు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని పేరు. రాత్రి రెండింటికి తిమ్మిరితో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే హాయిగా ఉండటం దీని ముద్ర. మనం నిద్రలో మణికట్టు మడిచి పడుకుంటాం, సందు ఇంకా ఇరుకవుతుంది. అందుకే మొదటి వైద్యం చాలా చవక: మణికట్టు నిటారుగా పెట్టే పట్టీ, అదీ రాత్రిపూట, కొన్ని వారాలపాటు. పగలంతా బిగించుకుని తిరిగి రాత్రి విప్పి పడుకునేవాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు.

కంప్యూటర్ వాడేవాళ్లకు ఇది రాసిపెట్టి ఉందని చాలామంది అనుకుంటారు. ఆధారాలు అంత గట్టిగా లేవు. అమెరికాలో మేయో క్లినిక్ తన దగ్గర కంప్యూటర్ ఎక్కువగా వాడే ఉద్యోగులను పరిశీలించి 2001లో చెప్పింది ఏమిటంటే, లక్షణాలను బట్టి 10.5 శాతం మందికి ఈ జబ్బు ఉంది, అది మామూలు జనంలో ఉండే స్థాయే. వణికే యంత్రాలు పట్టుకునే పని, బలంగా పిడికిలి బిగించే పని, షుగరు, థైరాయిడ్ తగ్గడం, గర్భం, ఊబకాయం ఇవి దీనికి ఇంకా గట్టి కారణాలు. అందుకే రెండు చేతులకూ తిమ్మిరి ఉన్న ముప్ఫై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొత్త మౌస్ కొనేముందు షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని.

బి12 మాత్రల మీద కూడా ఒక మాట. శాకాహారులకూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకూ బి12 నిజంగానే తగ్గొచ్చు, అది తిమ్మిరి తెప్పించొచ్చు. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. నలిగిన నరాన్ని గానీ పురి విడిపోయిన తాడును గానీ ఆ మాత్ర బాగుచేయదు. మావాడికి అది మొదటి రోజు నుంచీ అనవసరం.

నరం విషయంలో ఆలస్యం పనికిరాదు. తిమ్మిరి వచ్చిపోవడం మానేసి అక్కడే ఉండిపోయినా, కప్పులు చేజారుతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి కింద అరచేతి మెత్త గుంటపడినట్టు కనబడినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా డాక్టర్ని కలవాలి. నరంలో కబురు ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష ఒకటుంది. ఆ కండ ఒకసారి ఎండిపోతే ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగిరాకపోవచ్చు.

ముందు లేచి చివర పడుకునేవాళ్లు

మెడకూ భుజానికీ మధ్య సాయంత్రానికి రాయిలా బిగిసే కండ ఉంది చూశారా, అది మోసే బరువు చాలా తక్కువ. మౌస్ పట్టుకున్న చేతిని గాల్లో ఆపడం, అంతే. అంత తేలిక పనికి అంత నొప్పి ఎందుకన్న ప్రశ్నకు హేగ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1991లో ఒక ఊహ చెప్పాడు. కండలోని పోగులన్నీ వంతులవారీగా పనిచేయవు. చిన్న పనికి ఎప్పుడూ కొన్ని పోగులే ముందు లేస్తాయి, పని పూర్తిగా ఆగేదాకా అవే చివరన పడుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలి బతుకు. ఇంటి మీద మొత్తం పని ఎంత అన్నదానితో ఆమెకు సంబంధం లేదు, ఆమెకు కునుకు దొరికిందా లేదా అన్నదే లెక్క.

నార్వేలో చాక్లెట్లు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో ఆడవాళ్ల భుజాలకు తీగలు తగిలించి చూశారు, ఫలితాలు 1993లో వచ్చాయి. పని మధ్యలో కండ క్షణకాలం పూర్తిగా వదులయ్యే ‘సందులు’ తక్కువగా ఉన్నవాళ్లకే తర్వాత నొప్పి పట్టుకుంది. సందు అంటే టీ విరామం కాదు, సెకనులో కొంత భాగం.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చింది. లోయరు, హయ్యరు పరీక్షలకు అక్కడే కుస్తీ పట్టాం. వరస చివర గంట మోగేది, చెయ్యెత్తి క్యారేజీ తోయాలి. పేజీ అయిపోతే కాగితం తీసి కొత్తది ఎక్కించాలి. రిబ్బను చిక్కుకుంటే విప్పాలి. మణికట్టు ఫ్రేము మీద ఆన్చితే మాస్టారు స్కేలుతో ఒక్కటిచ్చేవారు. కీలు ఇప్పటికంటే ఎంతో గట్టివి, అయినా యంత్రమే నిమిషానికోసారి భుజాన్ని పని నుంచి విడిపించేది. కంప్యూటర్ ఆ విడుపులన్నీ లాగేసుకుంది. పని తేలికైంది, ఎడతెగనిదైంది.

అందుకే కుర్చీ కోసం ముప్ఫై వేలు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. మంచి కుర్చీ మంచిదే, కానీ దానిలో నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే పెద్ద కోడలికి కునుకు దొరకదు. అమెరికా పన్నుల శాఖలో డేటా ఎంట్రీ చేసేవాళ్లపై 2000లో వచ్చిన అధ్యయనంలో మామూలు విరామాలకు తోడు గంటకో 5 నిమిషాలు అదనంగా ఇచ్చి చూశారు. ఒంటినొప్పులు, కంటి శ్రమ తగ్గాయి, పని తగ్గలేదు. మేనేజరుకు చూపించాల్సింది ఆ చివరి మాట. డెన్మార్క్‌లో 2011లో ఇంకా చిత్రమైనది చేశారు. మెడ నొప్పి ఉన్న ఆఫీసు ఉద్యోగులతో సాగే రబ్బరు గొట్టం పట్టుకుని చేతులు పక్కలకు ఎత్తించారు, కొందరితో రోజుకు 12 నిమిషాలు, కొందరితో 2 నిమిషాలే. 10 వారాలకు ఇద్దరికీ నొప్పి తగ్గింది. రెండు నిమిషాలు! కాఫీ మిషను దగ్గర వరసలో నిలబడేది అంతకంటే ఎక్కువ.

తల అరవై డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోలు పడుతుందని వాట్సాప్‌లో తిరిగే బొమ్మ మీ కుటుంబ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. అది 2014లో ఒక సర్జన్ కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్క, మనుషుల మెడలో కొలిచింది కాదు. వంగడం నేరం కాదు, వంగి అలాగే ఉండిపోవడంతోనే పేచీ.

నర్సు చెప్పే నరం

సిరలో రక్తం గడ్డకట్టడం అరుదు. అయినా ప్రాణానికి వచ్చేది ఇదొక్కటే. న్యూజిలాండ్‌లో రోజుకు 12 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కంప్యూటర్ ముందు కూర్చునే 32 ఏళ్ల యువకుడి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలు ఊపిరితిత్తులకు చేరాయి. 2003లో ఆ కేసు రాసిన డాక్టర్లు దానికి ఈ-త్రాంబోసిస్ అని పేరు పెట్టారు. పిక్క కండ నడుస్తున్నప్పుడు పంపులా రక్తాన్ని పైకి తోస్తుంది, కూర్చుంటే ఆ పంపు ఆగుతుంది.

మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె రాసి తోమొద్దు. గడ్డ ఊడిపోయే ప్రమాదం ఉంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి తోడు ఆయాసం గానీ ఛాతీలో పోటు గానీ ఉంటే 108కి ఫోన్ చేయాలి.

కళ్లది ‘నరం’ గొడవ కాదు కాబట్టి రెండు ముక్కల్లో. మామూలుగా నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేసే మనం తెర చూస్తూ అయిదారుసార్లకు పడిపోతాం. మంటకు మూలం అదే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడమనే సూత్రం అందుకే, రెప్పలు గట్టిగా మూసి తెరవడం దానికి తోడు. నీలి కాంతి ఆపే కళ్లద్దాలకు డబ్బు పెట్టనక్కర్లేదు. కోక్రేన్ సంస్థ 2023లో పరీక్షలన్నీ కలిపి చూసి, కంటి శ్రమ తగ్గడానికి అవి పనికొచ్చే దాఖలా లేదంది. పిల్లల్లో దూరపువి మసకగా కనిపించే దోషం (మయోపియా) రాకుండా ఎక్కువ మేలు చేసేది రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండటం.

బల్ల, పీట, సీసా

ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో చాలామందికి బల్ల అంటే డైనింగ్ టేబులే. దాని ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు, తినడానికి సరిపోయేది, టైపు చేయడానికి ఎక్కువ. భుజాలు రోజంతా పైకి లేచి ఉంటాయి. కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచి, వేలాడే కాళ్ల కింద పూజగదిలో పీట పెట్టుకుంటే మోచేతులు బల్ల ఎత్తుకు వస్తాయి. ల్యాప్‌టాప్ కింద పాత ఎంసెట్ పుస్తకాలు నాలుగు పేర్చి తెర పైఅంచు కంటి ఎత్తుకు తెచ్చి, విడి కీబోర్డు, మౌస్ తగిలించాలి. ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కుని ఉండటమే దాని మూల లోపం, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. కీబోర్డు వెనక రెండు బుల్లి కాళ్లుంటాయి కదా, వాటిని మడిచేయండి. అవి లేస్తే మణికట్టు వెనక్కి విరుగుతుంది.

కంప్యూటర్ ఆటల్లో మౌస్ సెన్సిటివిటీ, అంటే మౌస్ కాస్త కదిపితే తెర మీద గురి ఎంత దూరం పోతుందన్నది, బాగా పెంచితే పనంతా మణికట్టుది, తగ్గిస్తే మోచెయ్యి, భుజం పంచుకుంటాయి. ఫోన్ ఆటగాళ్లకు నేను చెప్పేది: మ్యాచ్‌లో నువ్వు చచ్చిపోయి జట్టువాళ్ల ఆట చూస్తున్నావా, ఫోన్ బల్ల మీద పెట్టి చూడు. తర్వాతి మ్యాచ్ కోసం లాబీలో ఎదురుచూస్తున్నప్పుడు లేచి నిలబడు. టైపు మిషను గంట ఇప్పుడు ఇక్కడుంది.

ఇక గంటల లెక్క. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే ఫోన్ ఆట 2023లో మన దేశానికి తిరిగొచ్చినప్పుడు 18 లోపు వాళ్లకు రోజుకు 3 గంటలు, మిగిలినవాళ్లకు 6 గంటలు అని పరిమితి పెట్టారు. పరిమితి ఉండటం మేలే, కానీ టెండన్ చూసేది ఇవాళ్టి గంటలను కాదు, గత నెల అలవాటుకూ ఈ వారానికీ మధ్య ఎంత దూకుడు ఉందో చూస్తుంది. రోజూ మూడు గంటలు ఏడాదిగా ఆడుతున్నవాడి కంటే, మూడు నెలలు ఆపి ఒక్కసారిగా మూడు గంటలకు వచ్చినవాడికే ముప్పు. ఆఫీసులో రిలీజ్ వారం, డిగ్రీలో ప్రాజెక్టు వారం, సంక్రాంతి సెలవుల టోర్నమెంటు, అన్నీ ఇలాంటి దూకుళ్లే. నా వాడుక లెక్క, పరిశోధన అంకె కాదు: మానేసి తిరిగొచ్చినప్పుడు రోజుకు అరగంటతో మొదలుపెట్టి, వారానికో అరగంట కలపడం.

ఆటే వృత్తిగా ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆటలో క్లౌడ్9 జట్టు కెప్టెన్, హై అనే ఆటగాడు 2015లో మణికట్టు దెబ్బను ఒక కారణంగా చెప్పి తప్పుకున్నాడు. చైనా ఆటగాడు ఊజీ 2020లో, 23 ఏళ్లకే విరమిస్తూ టైప్ 2 షుగరు సంగతి చెప్పాడు. తర్వాత తిరిగొచ్చాడు, అది వేరే కథ. చెయ్యి ఒక్కటే చెడిపోదు. నిద్ర, తిండి, కదలిక చెడ్డాక చెయ్యి బయటపడుతుంది.

మావాడి బొటనవేలు పదో వారానికి సర్దుకుంది. ఇంజనీరింగ్‌లో చేరాడు, హాస్టల్లో ఉంటున్నాడు, రోజుకు గంటన్నర ఆడుతున్నానంటాడు. నమ్ముతున్నాను. మొన్న రాత్రి మళ్లీ ఫోన్.

“మావయ్యా, ఈసారి తిమ్మిరి. చిటికెనవేలు, ఉంగరపు వేలు సగం.”

“ఏ సగం?”

“చిటికెనవేలి వైపు.” కాస్త ఆగి వాడే అన్నాడు: “పడుకుని, మోచెయ్యి మడిచి, ఫోన్ మొహం మీద పెట్టుకుని చూస్తున్నా... అదేనా?”

“ఇప్పుడు ఎలా ఉన్నావు?”

అవతల మంచం కిర్రుమంది. “లేచి కూర్చున్నా” అన్నాడు.